తోముడు పొడి

జ్వాలాపురం అని మా ఊరికి ఎవరు పెట్టారో,
నిప్పు మాత్రం నేనెప్పుడూ చూడలేదు.
చూసిందల్లా ఎండ, నాపరాయి,
జుర్రేరు పక్కన తెగిన మట్టిగోడలో
అడ్డంగా ఒక తెల్లటి చార.

ఆ చారే దస్తగిరమ్మత్తకు ముప్పై ఏళ్ల కూలి.
పలుగు తగిలిస్తే పిండిలా రాలేది.
జల్లెడ పట్టి, సంచులకెత్తి
బనగానపల్లె షావుకారుకు పంపేవాళ్లు.
అక్కడ దానికింత సబ్బు వాసన పూసి
నిమ్మకాయ బొమ్మ అచ్చేసిన కవర్లో పోస్తే
గిన్నెలు తోమే పొడి.
కర్నూలు హోటళ్లలో ఉగ్గాని బాణళ్లన్నీ
తన చేతిమీదుగానే తెల్లబడ్డాయని
అత్త గొప్పలు పోయేది.

ఒక ఎండాకాలం చిన్న చిన్న కుంచెలతో
చదువుకున్నోళ్లు దిగారు.
పసిబిడ్డ మూతి తుడిచినంత నిదానంగా
మట్టిగోడను తుడిచారు.
వాళ్లలో ఒక పిల్ల, మృణాళినంట,
గంప బోర్లించుకొని అత్త పక్కన కూర్చుంది.
ఇది మట్టి కాదు పెద్దమ్మా, బూడిద.
సముద్రం అవతల, సుమత్రాలో,
డెబ్బై నాలుగు వేల ఏళ్ల కింద పేలిన కొండది.

"యా ఊరి పొయ్యి బూడిదో
మేమెత్తిపోస్తాండామా!" అంది అత్త.

కొండలన్నీ ఒకే తీరుగా పొంగవట.
కొన్ని, మంట తగ్గించని పాలగిన్నెలు.
మెల్లగా అంచు దాటి, పారినంత మేర పారి
నల్లగా గడ్డకట్టి,
ఎన్నో యుగాలకు రేగడై పత్తి పండిస్తాయి.
కొన్ని, విజిల్ ఇరుక్కున్న కుక్కర్లు.
లోపలి ఆవిరి దారి దొరక్క
వంటింటి కప్పుతో సహా లేచిపోతుంది.
ఇంకొన్నిటికి పొడుగాటి గొంతు తప్ప ఒళ్లుండదు.
భూమి అడుగునుంచి ఒక్క దగ్గు,
అంతే, అక్కడే ఆరిపోతాయి.
వజ్రకరూరులో ఉన్నది అదేనంది.

అత్త పడీపడీ నవ్వింది.
మరిది కాశీంసాబు ప్రతి తొలకరికీ
అనంతపురం బస్సెక్కి పోయి
ఆ చేలల్లో వంగి నడుస్తాడు,
ఆ దగ్గుకు రాలిన రాయి కోసం.
పదకొండేళ్లకు దొరికింది నడుంనొప్పి.

మరి మాది?
మీది కుక్కరే పెద్దమ్మా.
ఎంత పెద్దదంటే, లేచిపోయిన కొండ చోట ఇప్పుడు
అవతలి గట్టు ఆనని చెరువు.
బూడిద గాలిలో వచ్చి, వానకు కొట్టుకొచ్చి
ఈ పల్లంలో చేరింది.
పొద్దు కొన్నేళ్లపాటు పాత సత్తుపళ్లెంలా
మసకబారి ఉండొచ్చు. చలి పెరిగి ఉండొచ్చు.
అడవి ఎండి గడ్డి మిగిలిందేమో.
"ఏమో" అన్న మాట ఆ పిల్ల చాలాసార్లు వాడింది.
అందుకే నమ్మాను.

ఒకటి మాత్రం చేతిలో పెట్టి చూపించింది.
చార కింద చెక్కిన రాళ్లు.
చార పైనా చెక్కిన రాళ్లే,
ఇంచుమించు అదే చేతివాటం.
ఎవరో బూడిద దులుపుకొని
మళ్లీ కూర్చున్నారన్నమాట పనికి.
"ఆకలైతే ఏం జేస్తారబ్బా మరి"
జల్లెడ ఆపకుండానే అంది అత్త.

పోయేముందు సూక్ష్మదర్శినిలో చూపించింది.
అత్త ఒక కన్ను మూసి, చాలాసేపు పలకలేదు.
పిండి కాదది.
పగిలిన గాజు. వంకరటింకర పెంకులు,
చిటికెడులో లెక్కలేనన్ని.

తవ్వకం ఆగి చాన్నాళ్లయింది.
చౌకదుకాణంలో వేలిముద్ర మిషన్ పట్టుకోవడం
ఇప్పుడు నా ఉద్యోగం.
ఒకటో తారీకున అత్త వస్తుంది.
కుడి బొటనవేలు. ఎర్ర లైటు.
ఎడమది. ఎర్ర లైటు.
కొంగుతో తుడిచి, కొబ్బరినూనె రాసి, చూపుడువేలు.
సరిపోలలేదు.
చెయ్యి తిప్పి చూస్తే
బాగా తోమిన చెంబు అడుగులా నున్నగా,
ఒక్క గీత లేదు.

కారణం నొక్కమంటుంది మిషన్.
వృద్ధాప్యం, గాయం, ఇతరములు.
నేను ఇతరములు నొక్కుతాను.
సుమత్రా కొండ అని రాయడానికి జాగా ఉండదు.

"మల్లా రమ్మంటావా నాయనా?"
ఖాళీ సంచి మడుస్తూ లేవబోతుంది.

కూర్చో అత్తా.
ఉంగరపు వేలు ఇంకా చూడలేదు.