నూట ఎనభై ఏడో చుట్టు

చర్లపల్లి రెండో ఫేజులో రబ్బరు ఫ్యాక్టరీ వెనక
మా ల్యాబు.
లోపల బీరువాంత ఛాంబరు,
దాని కడుపులో పన్నెండు మోటారు స్టార్టర్లు
రోహిణి కార్తె లోంచి మంచుగడ్డలోకీ
మంచుగడ్డ లోంచి మళ్ళీ రోహిణి కార్తెలోకీ
గంటకోసారి పోయొస్తుంటాయి.
కింద బల్ల వణుకుతుంది
గుంతల రోడ్డు మీద ఖాళీ ట్రాలీ ఆటోలా.

పదేళ్ల ఎండల్ని మడిచి
తొమ్మిది రాత్రుల్లో కుక్కడం నా ఉద్యోగం.
జీతం పద్దెనిమిది వేలు, చాయ్ ఉచితం.
"రాత్రంతా ఏం చేస్తవే?" అంటది అమ్మ.
చెడగొడతానమ్మా అంటే
"ఎవరో మంచిగ చేసింది చెడగొట్టుడు గూడ నౌకరేనా?"
అని నవ్వి, టిఫిన్ డబ్బా మూత గట్టిగా నొక్కుతుంది,
రెండుసార్లు.

గోడవారన ఇనప షెల్ఫు. వెనక్కొచ్చినవి అక్కడ.
ఒక్కో పెట్టెకీ దారంతో చీటీ: ఊరు, తారీఖు,
'ఏమైంది' అన్న గడిలో అందరిదీ ఒకటే మాట,
పని చేయదు.
మూత తీస్తే
రెండు కాంటాక్టుల మధ్య బొగ్గైన బల్లి.
ఒకదాంట్లో చీమల మట్టి.
రిలే పడిపోకుండా ఎవరో ఇరికించిన అగ్గిపుల్ల.
ఇంకోదాని తలుపు లోపల, గ్రీజులో,
రాత్రి రెండింటికి కరెంటొస్తే
బురదకాళ్లతో పరుగెత్తుకొచ్చిన మనిషి
బొటనవేలి ముద్ర.
ఆ తర్వాత ఏమైందో చీటీలో గడి లేదు.

షంషుద్దీన్ భాయ్ మీటర్లని నమ్మడు.
స్క్రూడ్రైవరు మొన బల్లకి ఆనించి
పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూస్తాడు.
"ఏడో నంబరు దగ్గుతోంది బేటీ."
రీడింగులో ఏమీ లేదు.
నూట ఎనభై ఆరు దాటింది. ఏమీ లేదు.
మూడూ పదికి, నూట ఎనభై ఏడులో
ఏడో దీపం ఆరిపోయింది.

మైక్రోస్కోపు కింద
కెపాసిటర్ కాలు దగ్గర, టంకంలో,
వెంట్రుకలో సగం పగులు.
సంతోషమేసింది. నిజం చెప్తున్నాను,
పోయిన కొలుసు పరుపు కింద దొరికినంత సంతోషం.

పొద్దున విఠల్‌రావు సారు
చెప్పులు కూడా విప్పకుండా వచ్చారు.
ఆరువందల పెట్టెలు గోదాములో, లారీ గేటు దగ్గర.
"బయట ఎవడమ్మా ఇట్ల ఊపేది?
వంద దాకా నిలిచింది గదా. వంద అని రాయి."

షెల్ఫు మూడో అరలో, ఎడమ చివర,
జనగామ వైపు నుంచొచ్చిన పెట్టె ఉంది.
దాని పాస్ కాగితం మీద సంతకం నాదే.
రెండేళ్ల కింద, జ్వరంతో, నలభైకే ఆపి
బల్ల మీద తల పెట్టి పడుకున్న రాత్రిది.
సారుకి తెలీదు. భాయ్‌కి తెలుసనుకుంటాను,
ఆ అర దుమ్ము ఆయనెప్పుడూ తుడవడు.

నూట ఎనభై ఏడు అని రాశాను.
ఏడుకి రెండుసార్లు దిద్దాను, ఒకటిలా కనపడకుండా.

స్క్రూ రంధ్రం ఇంత పక్కకి,
కెపాసిటర్ మొదట్లో ఓ చుక్క తెల్లజిగురు.
తొంభై పైసలు.
తొంభై పైసల మీద రెండు రోజులు మీటింగు నడిచింది.
లారీ ఖాళీగా పోయింది, డ్రైవరు నన్ను చూసి ఉమ్మేశాడు.

ఇప్పుడు జిగురు పెట్టినవి తిరుగుతున్నాయి.
మూడువందలు దాటాయి.
భాయ్ స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని
గోడకానుకుని కునుకు తీస్తున్నాడు.

ఇవి బాగుంటే నాకెవరూ చెప్పరు.
ఏ చేను గట్టునో, రాత్రి రెండింటికి
ఒకాయన మీట నొక్కి, నీళ్ల చప్పుడు విని,
తలగుడ్డ సర్దుకుని ఇంటికి పోతాడు.
దానికి చీటీ ఉండదు.

నాలుగో అర ఇంకా ఖాళీ.
రోజూ వచ్చేముందు ఓసారి చూస్తాను.