ఇసుకలో కొవ్వొత్తి

గ్యూమ్రీలో మంచు పడుతోంది.
నూనుఫార్ చర్చిలోకి వస్తుంది,
బూట్లకంటిన మంచు దులపదు.
భూకంపం బడి కప్పును కూల్చిన ఏడు నుంచీ
సిలువ గుర్తు వేసుకోవడం మానేసింది.

కొవ్వొత్తి మాత్రం వెలిగిస్తుంది.
ఇసుకలో గుచ్చి, మొదలుపెడుతుంది:
"ఆవేళ వాడికి ఒళ్ళు వెచ్చగా ఉంది.
బడికి వద్దన్నాను. లెక్కల పరీక్ష అన్నాడు.
నువ్వూ ఒకమాట వద్దనొచ్చుగా?"

ఫాదర్ మెస్రోప్ దగ్గర
జవాబుల పుస్తకాలు మూడు అలమారాలు.
ఒక్కటీ తెరవడు.
పక్కన నిలబడి, గాలికి
తన అరచేతులు అడ్డం పెడతాడు.

ఒక్కసారే అడిగాడు, ఇంత కోపంతో ఎందుకొస్తావని.
"పోట్లాటకైనా ఎదుట ఒకరుండాలిగా," అంది.

పైనుంచి ఏమీ వినపడదు.
మైనం చుక్క
ఆమె వేలిమీద పడి
చురుక్కుమని
మెల్లగా గట్టిపడుతుంది.