మూడువందల పదిహేడో రాయి

ఎనిమిదింటికి గేటు తీస్తరు.
అంతకు ముందే మేం నలుగురం ఆడోళ్లం
కొడవండ్లు సంకల పెట్టుకొని లోపటికొస్తం.
వానకాలం గడ్డికి దేవుడని లేదు, ఏనుగని లేదు,
నంది చెవు సందుల గూడ మొలుస్తది.
ఈ కొస దాకా కోసేసరికి ఆ కొస మళ్ల పచ్చగైతది.
ఓరుగల్లును ఆఖరికి ఎవలు గెలిచిండ్రని అడిగితే
నేను గడ్డి పేరు చెప్త.

తొమ్మిది దాటినంక బస్సులు దిగుతయి.
జగిత్యాల బడిపిల్లలు,
పెండ్లికి ముందే ఫొటోలు దిగే జంటలు,
డ్రోను ఎగరేసి వాచ్‌మన్‌తోని తిట్లు తినే పిలగాండ్లు.
అందరు తోరణం కాడికే ఉరుకుతరు.
బడి గోడల మీద, ఫంక్షన్ హాళ్ల ముంగట
థర్మాకోల్‌తోని చేసింది చూసి చూసి ఉన్నరాయె,
అసలుదాని కాడికొచ్చి "గిదేనా" అంటరు కొందరు.
కొందరు మెడ ఎత్తి, హంసల కాడ చూపు ఆగి,
దించుడు మర్చిపోతరు.

గైడు ఓదెలు గొంతు సవరిస్తడు:
"నాలుగు దిక్కుల నాలుగు వాకిండ్లు. నడుమ శివుని గుడి.
గుడి పోయింది. వాకిండ్లు మిగిలినయి."

ఒకనాడు రెండు జడల పిల్ల ఒకతె
తోరణం కింద ఒక కాలు ఇటు, ఒక కాలు అటు పెట్టి
"సార్, గోడల్లేవు గదా,
ఇప్పుడు నేను లోపటున్ననా, బయటున్ననా?" అన్నది.
సారు నవ్విండు. ఓదెలు నవ్విండు.
నా కొడవలి ఆగింది.
మట్టికోట లోపట్నే పుట్టి,
రాతికోట దర్వాజ మలుపుల సైకిలు నేర్చినదాన్ని,
నాకు గూడ తెల్వది.

మా ఇంటెనుక బాయికాడ ఒక బండరాయి ఉండె.
మా అత్త బుచ్చవ్వ దాని మీదనే బట్టలుతికేది,
ఆమెకన్న ముందు ఆమె అత్త, ఆమె తర్వాత నేను.
బాలింత గుడ్డలు, మిరప తోటల ఘాటెక్కిన అంగీలు,
మామ పోయిన దినం ఆయన కప్పుకున్న దుప్పటి.
కొట్టి కొట్టి నడుమ గుంటపడ్డది.
వానొస్తే పిచ్చుకలు నీళ్లు తాగేటంత.

ఒక పొద్దు ఆఫీసోళ్లొచ్చి
గడ్డపారతోని లేపి బోర్లేసిండ్రు.
అడుగున తామరపువ్వు!
ఎనిమిది రేకులు, నిన్న చెక్కినట్టు,
రేకుల సందున నల్లమట్టి, ఒక వానపాము.
అత్త నోటి మీద చెయ్యేసుకున్నది.
"పువ్వు ఈపు మీద ఉతికిన్నా ఇన్నొద్దులు!"
కాయితం మీద ఏలిముద్ర తీస్కొని
రాయిని ట్రాక్టరెక్కిచ్చిండ్రు.

ఇప్పుడది వరుసల ఉన్నది,
సగం సింహానికీ తలలేని నాట్యకత్తెకూ నడుమ.
తెల్ల పెయింటుతోని నెంబరు, 317.
పువ్వు పైకి, గుంట మట్టిలకు.
జనం వంగి చూస్తరు, ఫోన్లు తీస్తరు.
"దండొచ్చి ఇరగ్గొట్టింది" అని ఓదెలు చెప్తడు.
కావచ్చు.
పైదిక్కు ముచ్చట పుస్తకంల ఉంటది.
అడుగుదిక్కు ముచ్చట నా కాడ ఉంది,
ఎవలు అడగలే.

మంచాన పడే ముందు అత్త
ఒక్కసారి తోలుకపొమ్మన్నది.
గేటుకాడి పిలగాడు ఊరోళ్లకు టికెటొద్దన్నడు.
ఆమె కొంగుముడి ఇప్పి పైసలు లెక్కపెట్టిచ్చింది,
"సుట్టాన్ని సూడవోతున్న బిడ్డా, ఉత్తచేతుల పోతనా?"
రాయి ముంగట గొంతుక్కూసొని
రేకు మీది పిట్టరెట్ట కొంగుతోని తుడిచింది.
నాదిక్కు తిరిగి, "ఇప్పుడేడ ఉతుకుతున్నవే?"
"సిమెంటు గచ్చు మీద, అత్తా."
"దానికి చప్పుడు రాదు" అన్నది.

రాత్రి లైట్ల షో అయితది.
తోరణం ఎర్రగైతది, నీలంగైతది,
డబ్బాలల్ల గుర్రాలురుకుతయి, కత్తులు గలగలమంటయి.
నేను ఇంటికాడ బువ్వ తినుకుంట అన్నీ ఇంటనే ఉంట.
పొద్దుగాల 317 చుట్టు గడ్డి కోసేటప్పుడు
ఎవలు చూడకుంట, అడుగుకు ఏళ్లు పోనిచ్చి
గుంట తడుముత.

మొన్న ఏలికి చల్లగ తగిలింది.
మళ్లొక వానపాము.