నడిమి గొట్టం

గూడూరులో మే నెల.
షెడ్డు రేకులు పేలాలు వేయించే మంగలంలా కాగుతున్నాయి.
బానెట్ కింద పాత పోతినుము మానిఫోల్డు
నెర్రెలిచ్చింది. స్టార్టు చేస్తే చాలు
పళ్ళు లేని నోరు చప్పరించినట్టు
టప్ టప్ టప్.
"దీని పని అయిపొయ్యింది పోబ్బయా,"
దస్తగిరి గోటితో పగులు పొడవునా గీశాడు.

యాభై ఎనిమిది మోడల్, ఎం.జి.ఏ.
అభ్రకం ధర ఆకాశంలో ఉన్న రోజుల్లో
సైదాపురం గని యజమాని ఒకాయన
మద్రాసు రేవులో దించుకున్న ఎర్ర బండి.
గనులు నీళ్ళతో నిండాక
నిమ్మకాయల గోదాములో ముప్పయ్యేళ్ళు
వెనక్కి వాలే సీట్ల మీద కోళ్ళు పొదిగాయి.
"నువ్వు కొనింది కారు కాదన్నా, గంప,"
అంటుంది మా చెల్లెలు. అననీ.

ఇప్పుడు బల్ల మీద రెండు జతలు.
కోయంబత్తూరు స్టెయిన్‌లెస్: వంపులో నా ముఖం చూసుకుని
మీసం దిద్దుకోవచ్చు. కానీ వేలితో మీటితే
స్టీలు బిందె మీద గరిటె పడ్డట్టు మోత.
మద్రాసు మైల్డ్ స్టీలు: నల్ల రంగు, సగం ఖరీదు,
మా తూర్పుగాలిలోని ఉప్పుకి
మహా అయితే మూడు వానాకాలాలు.
నారపట్టీ చుట్టమని ఎవరో అన్నారు.
చుడితే ఆ పట్టీయే తేమ తాగి
లోపల్లోపల తింటుందన్నాడు దస్తగిరి.

మూడో జత వాడి బుర్రలో ఉంది.

సుద్దముక్కతో నేల మీద గీశాడు.
నాలుగు సిలిండర్లు, మూడే నోళ్ళు.
నడిమి రెంటికీ ఒకటే వాకిలి,
ఒకే కొళాయి దగ్గర తోడికోడళ్ళలా
వంతు తప్పకుండా వచ్చి వెళ్ళాలి.
"అటూ ఇటూ ఉండేటివి ముందు కలవాల.
నడిమిదాన్ని తొందరపెట్టబాక.
అది ఒంటరిగా శానా దూరం పొయ్యి
అప్పుడు కలవాల."
గొట్టాల గురించే చెప్పాడు.
నాకు మాత్రం ఇంట్లో నడిమివాడిగా పుట్టిన నేను గుర్తొచ్చి
కాసేపు ఏమీ మాట్లాడలేదు.

అయినా అసలు భయం ఇంకోటి.
గొట్టాల నెత్తినే కార్బురేటర్లు.
పోయిన ఆదివారం మనుబోలు గేటు పడింది,
గూడ్సు వెళ్తోంది, వెళ్తోంది,
గిన్నెలో పెట్రోలు టీనీళ్ళలా మరిగి
బండి నడిరోడ్డున మొరాయించింది.
వెనక నిమ్మకాయల లారీ హారన్లో
నా వంశం మొత్తం వినిపించింది.
పోతినుము కనీసం వేడిని కడుపులో దాచుకునేది.
పల్చటి గొట్టం దాచుకోదు.

అప్పుడు వాళ్ళమ్మ ముక్తుంబీ
ట్రంకుపెట్టెలోంచి గుడ్డమూట తెచ్చింది.
విప్పితే అరచేతులంత అభ్రకం పలకలు,
పొరల మధ్య ఇరుక్కున్న పొద్దు.
పన్నెండేళ్ళప్పటి నుంచి కొడవలికత్తితో
పొరలు విడదీసిన చేతులు అవి.
"ఇది కాలదు. గొట్టానికీ దానికీ మధ్యన పెట్టు,"
అని ఎర్ర రెక్క వైపు ఒకసారి చూసింది.
"ఈ బండి పోతా ఉంటే లేసిన దుమ్మంతా
మేమే తాగినాం."
ఊరికే ఇస్తుందనుకుని చెయ్యి చాపాను.
"మున్నూరు," అంది.

ఇచ్చాను. బిల్లు లేని ఖర్చు అదొక్కటే.

పదకొండు రోజులు దస్తగిరి ఇసక నింపి వంచాడు,
ఎర్రగా కాల్చాడు, రెండుసార్లు కోసి పారేశాడు.
మందంపాటి మైల్డ్ స్టీలు, నడిమిది పొడుగు,
పైన రేకు, రేకుకీ రేకుకీ మధ్య
సైదాపురం నేల.
నిన్న సాయంత్రం తాళం తిప్పితే
కోత లేని గొంతు, కొంచెం బొంగురు,
భోజనం చేసి అరుగు మీద కూర్చున్న మనిషి
"ఊఁ, చెప్పు" అన్నట్టు.

గేటు దగ్గర ఏమవుతుందో ఆదివారం తెలుస్తుంది.
కోయంబత్తూరు జత తిప్పి పంపాలి.
ఇంకా పంపలేదు.
పొద్దున దస్తగిరి దాని వంపులో చూసుకుంటూ
గడ్డం గీసుకుంటున్నాడు.