ఆరో పెట్టె

మొదట గాలికి ఒక పెట్టె గీశాను.
తర్వాత నీటికి, మట్టికి,
సముద్రం అడుగున పేరుకున్న బురదకి.
చేపలకూ సీళ్లకూ కలిపి ఒకటి.
ఆరోదాని మీద "మనుషులు" అని రాసి
కాఫీ తెచ్చుకోవడానికి వెళ్లాను.

ఆర్హుస్‌లో నవంబరు. నాలుగింటికే చీకటి.
పెట్టెకీ పెట్టెకీ మధ్య బాణాలు,
ప్రతి బాణం మీదా చిన్న అంకె:
ఏడాదికి ఎంత వస్తుంది, ఎంత పోతుంది.
నేను లెక్కగడుతున్న పదార్థానికి
చిరునామా అక్కర్లేదు, ఒక్క గుణం చాలు,
ఉన్నచోట ఉండలేనితనం.
ఎక్కడో ఎండకు మాడే ఊళ్లో
పాత ట్రాన్స్‌ఫార్మర్ నూనెలోంచి ఆవిరై లేస్తుంది.
చల్లబడితే వాలుతుంది, వేడెక్కితే మళ్లీ లేస్తుంది,
మిడతలా గెంతుకుంటూ గెంతుకుంటూ
ఇక లేవడానికి వేడే దొరకని చోట
కాళ్లు ముడుచుకుంటుంది.

అలాంటి చోటు తూర్పు గ్రీన్లాండ్.
అక్కడ ఒక్క ఫ్యాక్టరీ లేదు.
తొంభై ఇళ్లు, చర్చి, కుక్కలు, ఒకే దుకాణం.
ఆ దుకాణంలో ఆపిల్ పండు ధర విన్నవాళ్లెవరూ
సీలు మాంసం ఎందుకు తింటారని అడగరు.

నీళ్లలో వెతికితే మా యంత్రానికి దొరికీ దొరకదు.
దానికి నీరంటే గిట్టదు, కొవ్వంటే ప్రాణం.
నాచులో రవ్వంత,
ఆ నాచు మేసిన రొయ్యపిల్లలో ఇంకాస్త,
కాడ్ చేపలో, ఆ చేపను మింగిన సీలులో
మెట్టు మెట్టుకీ తడిసి మోపెడు.
తిలా పాపం తలా పిడికెడు అంటారే,
ఇక్కడ ఆ పంపకం తిరగబడింది.
లోకమంతా తలా చిటికెడు వదిలింది,
పిడికిలి మాత్రం ఒక్కచోటే మూసుకుంది.

జులైలో రక్తం సీసాల పెట్టె పట్టుకుని వెళ్లాను.
పనింగువాక్‌కి ఎనిమిదో నెల.
భర్త ఇనూరాక్ ముందురోజు కొట్టుకొచ్చిన సీలును
వంటింటి నేల మీద అట్టముక్క పరిచి
అర్ధచంద్రం కత్తితో కొవ్వు వేరుచేస్తోంది.
నా ముందూ ఒక ముక్క పెట్టింది.
తిన్నాను.
నివేదికలో ఆ సంగతి రాయలేదు.

"నీ బొమ్మలో నేనెక్కడ?" అంది.
లాప్‌టాప్ అటు తిప్పి ఆరో పెట్టె చూపించాను.
చాలాసేపు చూసింది. చెయ్యి తుడుచుకుని
ఆ పెట్టెలోంచి బయటికి పోయే సన్న బాణం దగ్గర,
తెరకు తగలకుండా, వేలు ఆపింది.
"ఇదెక్కడికి పోతోంది?"

ఆ బాణానికి పేరు పెట్టింది నేనే:
విసర్జన, పాల ద్వారా.
మగవాడి ఒంట్లో ఏళ్లతోపాటు ఎక్కుతూనే పోయే గీత
తల్లి ఒంట్లో కాన్పు తర్వాత దిగుతుంది.
మొదటి బిడ్డప్పుడు బాగా దిగుతుంది.
ఆ వంపు కొలతలతో చక్కగా సరిపోయిందని
పోయినేడు పెద్ద సభలో చూపించి
చప్పట్లు కొట్టించుకున్నాను.

నాకు నాలుగు భాషలొచ్చు. ఒక్క మాటా రాలేదు.
నర్సు యూస్తినే టీ కప్పు కింద పెట్టి
వాళ్ల భాషలో ఏదో చెప్పింది, మెల్లగా, ఆగి ఆగి.
పనింగువాక్ ఏడవలేదు, కడుపు తడుముకోలేదు.
కొవ్వును పాళ్లు వేసింది, కుక్కలకి, అత్తగారికి,
పక్కింటి ముసలాయనకి.
తనకని తీసిన గిన్నె కాసేపు చేత్తో పట్టుకుని
కిటికీ గట్టు మీద పెట్టింది.
పారెయ్యలేదు. తిననూ లేదు.

ఇప్పుడు నా బొమ్మలో ఏడో పెట్టె ఉంది.
చాలా చిన్నది. మూడు కిలోల ఆరువందల గ్రాములు,
సెప్టెంబరులో యూస్తినే పంపిన అంకె.
దాని వైపు వెళ్లే బాణం పాతదే, లెక్కా పాతదే.
"విసర్జన" ఒక్కటీ కొట్టేశాను.
బదులు ఏం రాయాలో తెలియక
ఆ చోటు ఖాళీగా వదిలాను.
పేరు లేని బాణాన్ని ప్రోగ్రాం ఒప్పుకోదు.
రాత్రి నడపమని చెప్పి ఇంటికొస్తానా,
పొద్దున్న వెళ్లేసరికి
నలభై రెండో వరుస దగ్గర ఆగిపోయి ఉంటుంది.