తొమ్మిదో అంతస్తు, మోదా

తాళం నా దగ్గరే ఉంటుంది.
రోజుకి నలుగురికి చూపిస్తాను:
ఇటలీ పాలరాయి, కాళ్లకింద వేడెక్కే నేల,
చప్పట్లు కొడితే వెలిగే వంటిల్లు.
ఆఖర్న కిటికీ.
తెరుస్తాను, కాదికోయ్ అంతా ఒక్కసారి మీద పడుతుంది:
చేపల బేరాలు, గిటారు, ఎవరో ఎవర్నో తిట్టడం.
మూస్తాను, చెవుల్లో దూది.
"అద్దె అంతా ఈ అద్దానికే" అంటాను.
నవ్వుతారు. సంతకం పెడతారు.

మంగళవారం సెబాహత్తిన్ గారొచ్చారు.
ఇస్త్రీ మడత నలగని పాత కోటు,
బొత్తాల్లో ఒకటి వేరే రంగు.
పాలరాయి వైపు చూడనైనా లేదు.
"ఒక్క నెలకి ఎంత?"
చెప్పాను. వేళ్ల మీద లెక్కేసుకున్నారు,
రెండు చేతులూ చాల్లేదు.
పదకొండు నెలల పింఛను.

ముప్ఫయ్యొక్క ఏళ్లు
ఈ వీధిలోనే ట్రామ్ నడిపారట.
గంట కొట్టింది తనేగానీ
పైనున్నవాళ్లకి అదెలా వినిపించేదో
ఒక్కనాడూ తెలియలేదట.

అలవాటుకొద్దీ కిటికీ మూయబోయాను.
చెయ్యి అడ్డం పెట్టారు.
ఇద్దరం నిలబడ్డాం. టీ చల్లారేంత సేపు.
బేకరీ అవతల పొట్టి ట్రామ్ కనిపించింది,
గణగణా.
ఆయన మొహం చిట్లించారు.
"కొత్త కుర్రాడు.
మలుపు రాకముందే కొట్టేశాడు."

ఇల్లు తీసుకోలేదు.
లిఫ్టుండగా మెట్ల మీంచే దిగి వెళ్లారు.

మర్నాడొచ్చిన పళ్ల డాక్టరమ్మకి
కిటికీ మూసి చూపించడం మర్చిపోయాను.
"ఏమిటా గోల?" అందావిడ.
"కొత్త కుర్రాడండీ" అన్నాను.