ఎడమ చెంప లేదు

స్పితి లోయనుంచి పాత పేపర్లో చుట్టుకొచ్చిన రాయి.
సూదితో గీకుతున్నా, ఇది మూడో నెల.
నడుముకు కణుపులు పదకొండు.
తెలిసిన జాతికి పదే.
మళ్ళీ లెక్కపెట్టా. పదకొండే.
ఎడమ చెంప లేదు.

టీ పెడుతూ చెంగల్రాయులన్న:
"ఏం పాపా, ఈ పురుగు మన కొండలో దొరకదా?"

దొరకదన్నా.
ఘాట్ రోడ్డు మలుపులో బండమీద
అలల మడతలు చూళ్ళేదా, అదీ సముద్రమే.
ఈ పురుగు పుట్టకముందే రాయైపోయింది.
అన్ని అలలు,
చూసేదానికి ఒక్క కన్నూ లేదు.

ఆయన లెన్సులోకి వంగినాడు, చానాసేపు.
"ఒంటికంటితో మనల్నే చూస్తాండాదే!"

కిటికీ నిండా కొండ.
పేరు రాయాల్సిన గడి ఖాళీ.
కింద గడిలో రాశా:
కన్ను పెద్దది. కుడిది.
చెక్కుచెదరలేదు.

టీ మీద మీగడ కట్టింది.